ఉద్యోగం వదలకుండా స్పోర్ట్స్ కోచింగ్ చదవడం: దరఖాస్తు నుంచి ప్రాక్టికల్ పరీక్ష దాకా

"ముప్పై ఐదు దాటాయి, ఉద్యోగం ఉంది, ఇంటి బాధ్యతలున్నాయి. ఇప్పుడు స్పోర్ట్స్ కోచింగ్ కోర్సులో చేరితే పూర్తి చేయగలనా?" ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. చేయగలరు. అయితే చాలామంది తప్పు చోట మొదలుపెడతారు. ముందు పుస్తకాలు కొని, చదువుకు టైమ్‌టేబుల్ వేసుకుని, ప్రాక్టికల్స్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటారు.

ఈ వరుసను తిరగేయాలి. పుస్తకాన్ని రాత్రి పదింటికైనా, బస్సులోనైనా తెరవచ్చు. మైదానం అలా కాదు. పిల్లలు సాయంత్రం ఐదున్నరకు వస్తే మీరూ ఐదున్నరకే అక్కడ ఉండాలి. కాబట్టి ముందు మైదానం గంటలు ఖాయం కావాలి, మిగతా చదువంతా వాటి చుట్టూ సర్దుకోవాలి.

1. ఏ కోర్సు కావాలో ముందు తేల్చుకోండి

కోచింగ్ చదువులో స్థూలంగా రెండు దారులున్నాయి. మొదటిది ఆయా క్రీడల సమాఖ్యలు ఇచ్చే లైసెన్సులు. ఇవి మెట్లుమెట్లుగా ఉంటాయి. ఫుట్‌బాల్‌లో ఆసియా, యూరప్ సమాఖ్యలు రెండూ సీ, బీ, ఏ, ప్రో అనే వరుసలో ఇస్తాయి. ఒక మెట్టు దాటి కొంతకాలం జట్టుతో పనిచేశాకే తర్వాతి మెట్టు. రెండోది కళాశాలలు, విశ్వవిద్యాలయాలు ఇచ్చే డిప్లొమా, డిగ్రీ. వీటిలో శరీర ధర్మశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, శిక్షణ ప్రణాళిక లాంటివి లోతుగా ఉంటాయి, రాతపని ఎక్కువ.

క్లబ్బులో కోచ్‌గా నిలబడాలంటే లైసెన్సు చూస్తారు. బోధన, పరిశోధన, ఫిట్‌నెస్ రంగాల వైపు వెళ్లాలంటే డిగ్రీ పనికొస్తుంది. రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఉద్యోగం చేసేవాళ్లకు ఒకే ఏడాదిలో రెండు రకాల ప్రాక్టికల్స్ మోయడం కష్టం.

ఎవరికి కోచింగ్ ఇవ్వాలన్నది కూడా ఇప్పుడే ఆలోచించండి. అంతర్జాతీయ కోచింగ్ మండలి తన చట్రంలో కోచ్‌లను రెండు వర్గాలుగా చూస్తుంది: ఆటను ఆనందం కోసం, ఆరోగ్యం కోసం ఆడేవాళ్లతో పనిచేసేవాళ్లు, పోటీల కోసం ఆటగాళ్లను తయారుచేసేవాళ్లు. ఉద్యోగంతో పాటు చదివేవారికి మొదటి వర్గంతో మొదలుపెట్టమనే నా సలహా. వారానికి రెండు మూడు సెషన్లతో అక్కడ నిజమైన పని జరుగుతుంది. పోటీ జట్టు అయితే ప్రయాణాలు, టోర్నమెంట్లు కలిసి మీ లీవులన్నీ మింగేస్తాయి.

చేరే ముందు అడగాల్సినవి:

☐ మొత్తం ప్రాక్టికల్ గంటలు ఎన్ని? అవి ఎంతకాలంలో పూర్తి కావాలి?
☐ ప్రాక్టీస్ చేయడానికి క్లబ్బును లేదా బడిని వాళ్లే చూపిస్తారా, మనమే వెతుక్కోవాలా?
☐ తరగతులు వారాంతాల్లోనా? వరుసగా కొన్ని రోజులు అక్కడే ఉండాల్సిన శిబిరాలు ఉన్నాయా?
☐ మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించే వీలుందా? గరిష్ఠ గడువు ఎంత?
☐ గతంలో ఆడిన, నేర్పిన అనుభవానికి ఏమైనా మినహాయింపు ఇస్తారా? దానికి ఏ ఆధారాలు చూపాలి?

వీటికి నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి. ఏడాది తర్వాత సమన్వయకర్త మారిపోతే ఆ ఈమెయిలే మీకు అండ.

2. మైదానం గంటల లెక్క వేయండి

ఈ మెట్టు దగ్గర తొందర వద్దు. కోర్సు మధ్యలో ఆగిపోవడాలు చాలావరకు ఇక్కడ లెక్క తప్పడం వల్లే.

తొంభై నిమిషాల సెషన్ అంటే మీ రోజులో తొంభై నిమిషాలు కాదు. ముందుగా వెళ్లి కోన్‌లు పెట్టి మైదానం చూసుకోవడానికి 20 నిమిషాలు, అయ్యాక సామాను సర్ది తల్లిదండ్రులతో రెండు మాటలు మాట్లాడటానికి 15, రానూపోనూ ప్రయాణం 50 అనుకుందాం. మొత్తం 175 నిమిషాలు, అంటే దాదాపు 3 గంటలు. వారానికి రెండు సెషన్లంటే 6 గంటలు.

కోర్సు మాత్రం సెషన్ సమయాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ఆ 6 గంటలకు మీ ఖాతాలో పడేది 3 గంటలు. కోర్సు 100 గంటలు అడిగిందనుకోండి, 34 వారాలు పడుతుంది. వానలు, పరీక్షలు, సెలవులు, ఆఫీసులో పని ఒత్తిడి కలుపుకుని మరో పావు వంతు చేర్చండి. 42 వారాలు తేలుతుంది. గడువు 36 వారాలే అయితే వారానికి మూడో సెషన్ కావాలి. అది కుదురుతుందో లేదో ఫీజు కట్టకముందే తెలియాలి.

తర్వాత మీ డ్యూటీ వేళలకు సరిపోయే వయసు బృందాన్ని ఎంచుకోండి. బడి పిల్లలు సాయంత్రాలు, వారాంతాల్లో దొరుకుతారు. ఉద్యోగం చేసే పెద్దల బృందాలు తెల్లవారుజామున లేదా రాత్రి పూట ఆడతాయి. షిఫ్టులు మారుతూ ఉంటే ఒంటరిగా ఒక బృందాన్ని ఒప్పుకోకండి. సహాయ కోచ్‌గా చేరండి, మీరు రాలేని రోజు కూడా పిల్లల ప్రాక్టీస్ ఆగదు.

ఆఫీసులో ఎలా అడుగుతారన్నది ముఖ్యం. "చదువుకుంటున్నాను, కాస్త సహకరించండి" అంటే ఎవరైనా సరే అంటారు, పని పడగానే మర్చిపోతారు. "ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా మంగళ, గురువారాల్లో సాయంత్రం ఐదుకు బయలుదేరాలి, ఆ గంటను ఉదయం ముందొచ్చి పూడుస్తాను" అని తేదీలతో రాసివ్వండి. శిబిరాల తేదీలు తెలిసిన రోజే లీవు పెట్టేయండి.

ఇంట్లో కూడా ఇదే పద్ధతి. వారానికి 6 గంటలు మైదానంలో, మరో 5, 6 గంటలు పుస్తకాలతో గడిపితే ఆ వేళల్లో ఇంటి పని ఎవరు చూస్తారో పేరుపెట్టి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే ఆ భారం ఇంట్లో ఒక్కరి మీదే పడుతుంది.

ఇంకో పని చేరిన వారంలోనే మొదలుపెట్టాలి. పిల్లలతో పనిచేయడానికి పోలీసు ధ్రువీకరణ, బాలల రక్షణ శిక్షణ, ప్రథమ చికిత్స సర్టిఫికెట్ అడుగుతారు. వీటికి వారాలు పట్టవచ్చు. అవి చేతికి రాకముందు నేర్పిన గంటలను కొన్ని కోర్సులు లెక్కలోకి తీసుకోవు.

3. చదివే అలవాటును మళ్లీ పట్టుకోండి

ఏళ్ల తర్వాత పుస్తకం పట్టినవాళ్లు ఒకే పేజీని నాలుగుసార్లు చదివి, గుర్తుండటం లేదని బెంగపడతారు. లోపం వయసుది కాదు, పద్ధతిది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులపై చేసిన ప్రయోగంలో, తిరిగి తిరిగి చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే పైచేయి సాధించారు.

కాబట్టి ఇలా చేయండి:

- 25 నిమిషాలు చదవండి. పుస్తకం మూయండి. గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి.
- పుస్తకం తెరిచి తప్పిపోయినవి వేరే రంగుతో చేర్చండి.
- రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి అదే కాగితాన్ని చూడకుండా మళ్లీ రాయండి.

శరీర ధర్మశాస్త్రం చూస్తే చాలామందికి టెన్షన్. దాన్ని మీ ఆటకు ముడిపెడితే దారికొస్తుంది. ఉదాహరణకు శక్తి వ్యవస్థలు మూడు. పూర్తి వేగంతో మొదటి పది సెకన్లు కండరంలో నిల్వ ఉన్న ఫాస్ఫేట్ శక్తిదే ప్రధాన పాత్ర. తర్వాత ఒక నిమిషం పైదాకా గ్లూకోజును వేగంగా విడగొట్టే వ్యవస్థ, ఆపైన ఆక్సిజన్‌తో నడిచే వ్యవస్థ ముందుంటాయి. మూడూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి, వాటాలు మారతాయంతే. ఇప్పుడు మీ ఆటలో ఒక ఆటగాడు ఎంతసేపు పరుగెత్తుతాడో, ఎంతసేపు నిలబడతాడో పది నిమిషాలు వాచీ పట్టుకుని చూడండి. పాఠం మొత్తం కళ్లముందు కనిపిస్తుంది.

కండరాల పేర్లు కూడా అంతే. తొడ వెనక చెయ్యి పెట్టుకుని మడమను వెనక్కి లాగండి. బిగుసుకున్నది హ్యామ్‌స్ట్రింగ్. ఒంటి మీద నేర్చుకున్న పేరు మరచిపోవడం కష్టం.

రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఉదయం కొత్త పాఠం పెట్టుకోకండి. ఆ రోజు లాగ్‌బుక్ (నేర్పిన ప్రతి సెషన్ వివరాలు రాసుకునే పుస్తకం) సర్దడం, వీడియోలు చూడటం లాంటి తేలిక పనులు చాలు.

4. ఒక్క సెషన్‌ను సరిగ్గా తయారుచేయడం నేర్చుకోండి

కోర్సు మొత్తానికి ఇదే ఆయువుపట్టు. ఒక సెషన్ ప్లాన్ బాగా రాయడం వస్తే అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్ పరీక్ష, రేపటి ఉద్యోగం అన్నీ దాని మీదే నిలబడతాయి. ముందుగా చాలామంది చేసే తప్పు ఎంత ఖరీదైనదో చూడండి.

పన్నెండు మంది పిల్లలు, ఒక బంతి, ఒక వరుస. ఒక్కొక్కరి వంతుకు 20 సెకన్లు. 15 నిమిషాల్లో మొత్తం 45 వంతులు, అంటే తలకు నాలుగు కూడా రావు. మిగతా సమయమంతా పిల్లాడు నిలబడి ఎదురుచూస్తాడు, పక్కవాడిని తోస్తాడు, మీరు క్రమశిక్షణ లేదని కోప్పడతారు. వాడి తప్పేం లేదు. అదే పన్నెండు మందిని నలుగురేసి మూడు గుంపులు చేసి, గుంపుకో బంతి ఇచ్చి, ముగ్గురు పాస్‌లు వేసుకుంటుంటే ఒకరు అడ్డుకునేలా పెడితే అందరూ ఆటలోనే ఉంటారు.

ఆ లెక్కతో 60 నిమిషాల ఫుట్‌బాల్ పాసింగ్ సెషన్ మచ్చుకు ఇలా ఉంటుంది:

- 0–10 నిమిషాలు: వార్మప్. ర్యాంప్ పద్ధతి గుర్తుపెట్టుకోండి: ఒంట్లో వేడి పెంచడం, కండరాలను మేల్కొల్పడం, కీళ్లను కదిలించడం, చివర్లో వేగంగా రెండు మూడు చిన్న పరుగులు.
- 10–25: ఎనిమిది మీటర్ల చదరంలో ముగ్గురికి ఒకరు అడ్డు. నిమిషానికోసారి మధ్యలో ఉన్నవాడు మారాలి.
- 25–45: ఆరుగురు ఆరుగురు ఆట. ఒక షరతు: నాలుగు పాస్‌లు పడ్డాకే గోల్ కొట్టాలి.
- 45–55: షరతు తీసేసి స్వేచ్ఛగా ఆట. మీరు నోరు మెదపకుండా చూడండి.
- 55–60: నెమ్మదిగా నడక, రెండు ప్రశ్నలు, సామాను సర్దడం.

ప్లాన్ రాశాక ప్రతి భాగం పక్కన రెండు గళ్లు గీయండి: "కష్టమైతే", "తేలికైతే". వాటిని నింపడానికి స్టెప్ అనే సూత్రం ఉంది: స్థలం, పని, సామాను, మనుషులు. ఈ నాలుగింటిలో ఒక్కటి మార్చండి. బంతి మాటిమాటికీ పోతుంటే చదరాన్ని పది మీటర్లకు పెంచండి. మరీ తేలికగా సాగుతుంటే బంతిని రెండుసార్లకు మించి తాకకుండా పాస్ వేయాలనండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

చెప్పేటప్పుడు ఒక్క విషయమే చెప్పండి. మాట ఎటు చూపిస్తుందన్నది కూడా గమనించండి. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు చాలా ఏళ్లుగా చూపిస్తూ వచ్చిన విషయమిది: ఆటగాడి దృష్టిని ఒంటి భాగం మీదకు కాకుండా బయటి ఫలితం మీదకు మళ్లిస్తే సాధారణంగా బాగా నేర్చుకుంటాడు. "చీలమండ బిగించు" అనేకంటే "బంతి అవతలి కోన్‌కు తగలాలి" అనండి.

5. ప్రతి అసైన్‌మెంట్‌ను మీ బృందానికే కట్టండి

ఒక అసైన్‌మెంట్‌కు ఈతగాళ్లు, ఇంకోదానికి క్రికెటర్లు, మూడోదానికి ఇంటర్నెట్‌లో దొరికిన ఉదాహరణ. ఇలా పోతే ప్రతిసారీ సున్నా నుంచి మొదలవుతుంది. ఉద్యోగం చేసేవాళ్లకు అంత తీరిక లేదు. మీ ఒక్క బృందాన్నే ప్రతి సబ్జెక్టులోనూ వాడండి.

శిక్షణ భారం గురించి రాయాలా? వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ రూపొందించిన తేలిక పద్ధతి ఉంది. సెషన్ అయిన అరగంటకు "ఎంత కష్టంగా అనిపించింది?" అని 0 నుంచి 10 మధ్య అంకె అడగండి. దాన్ని నిమిషాలతో గుణించండి. 60 నిమిషాల సెషన్‌కు 5 చెప్తే భారం 300. నాలుగు వారాలు రాసుకుంటే గ్రాఫ్ గీయడానికి సరిపడా సమాచారం మీ చేతిలో ఉంటుంది. ఎవరికి భారం ఎక్కువవుతోందో కూడా తెలుస్తుంది.

పిల్లల వివరాలు వాడేముందు తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. పేర్ల బదులు అంకెలు వాడండి. చదివినదాని మూలాన్ని అప్పటికప్పుడే రాసుకోండి. చివరి రాత్రి మూలాల కోసం వెతుక్కుంటే సగం వాక్యాలు ఎక్కడివో గుర్తుండదు.

6. లాగ్‌బుక్‌ను ఆ రాత్రే ముగించండి

"సెషన్ బాగా జరిగింది. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు." ఇలాంటి పేజీలు వంద ఉన్నా పరిశీలకుడికి ఏమీ చెప్పవు.

ఇలా రాయండి: "మూడో గుంపులో అడ్డుకునే పిల్లకు బంతి ఒక్కసారీ దొరకలేదు, నాలుగో నిమిషానికి ప్రయత్నించడం మానేసింది. చదరం పెద్దదయింది. గురువారం ఏడు మీటర్లు పెడతాను." జరిగింది, ఎందుకు, మళ్లీ ఏం చేస్తాను. ఈ మూడూ ఉంటే చాలు. జరిగినదాన్ని వెనక్కి తిరిగి చూసుకునే గిబ్స్ చక్రం అనే పద్ధతిని కోర్సు అడిగితే అందులో ఆరు దశలు: వివరణ, భావాలు, మంచిచెడులు, విశ్లేషణ, నిర్ధారణ, కార్యాచరణ. పైన రాసినదాన్నే సాగదీస్తే సరిపోతుంది.

బండి ఎక్కకముందే ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకోండి. ఇంటికెళ్లాక దాన్ని విని రాయడం సులువు. మెంటర్ (మీ పనిని గమనించి దారి చూపే అనుభవజ్ఞుడైన కోచ్) సంతకం ఆ వారంలోనే తీసుకోండి. ఆరు నెలల సంతకాలు ఒకేరోజు అడగడం ఆయననూ ఇబ్బంది పెట్టడమే.

7. ఆటగాడిగా మీ అనుభవాన్ని జాగ్రత్తగా వాడండి

ఆడి వచ్చినవాళ్లు తమకు ఎలా నేర్పారో అలాగే నేర్పుతారు. పొరపాటు చేసిన పిల్లాడితో మైదానం చుట్టూ పరుగు పెట్టించడం అలా వచ్చిందే. పరుగును శిక్షగా మారిస్తే పరుగంటేనే అయిష్టం పుడుతుంది. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు: మానేయండి.

పిల్లలు చిన్న సైజు పెద్దవాళ్లు కారు. ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ ఆడపిల్లల్లో సగటున 12 ఏళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో 14 ప్రాంతంలో వస్తుంది. నిన్నటిదాకా చురుగ్గా ఆడిన పిల్లాడు ఆ రోజుల్లో తడబడతాడు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటే "ఏం కాదు, ఆడు" అనకండి. గెంతులు తగ్గించి డాక్టర్‌కు చూపించమనండి.

మీ వయసు వల్ల వచ్చే లాభం వేరే ఉంది. కోపంగా ఉన్న తల్లిదండ్రులతో మాట్లాడటం, ఆలస్యంగా వచ్చేవాళ్లతో వ్యవహరించడం మీకు ఉద్యోగంలోనే అలవాటైంది. తోటి విద్యార్థుల్లో ఇరవై ఏళ్లవాళ్లతో చదువు బృందం కట్టండి. వాళ్లు వీడియో విశ్లేషణలో మీకు సాయం చేస్తారు, మీరు వాళ్లకు మనుషులతో మెలగడంలో.

8. ప్రతి సెషన్‌కు ముందు భద్రత

☐ మైదానంలో గుంతలు, గాజు పెంకులు, కదిలే గోల్ పోస్టులు చూశారా?
☐ ప్రథమ చికిత్స పెట్టె, నీళ్లు, అత్యవసర నంబర్లు దగ్గర ఉన్నాయా?
☐ ఉబ్బసం, అలర్జీ ఎవరికున్నాయో తెలుసా?
☐ తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే వెంటనే బయటకు తీసుకొచ్చారా? ఆ రోజు మళ్లీ ఆడించకూడదు, పిల్లాడు బతిమాలినా సరే.

గుండె ఆగినప్పుడు పెద్దవాళ్లకు ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఇది చదివితే వచ్చేది కాదు, బొమ్మ మీద సాధన చేయాలి.

9. ప్రాక్టికల్ పరీక్షకు సిద్ధం కావడం

పరీక్షలో కొత్త డ్రిల్ ప్రయోగించకండి. మీ బృందంతో కనీసం మూడుసార్లు చేసినదే ఎంచుకోండి. పరిశీలకులు సాధారణంగా చూసేవి: భద్రత, ఏర్పాటు, మాట స్పష్టత, పరిస్థితిని బట్టి మార్చగలగడం. చివరిదే ఎక్కువ మంది వదిలేస్తారు. ప్లాన్ పక్కన రాసిన "కష్టమైతే, తేలికైతే" గళ్లు ఇక్కడే కాపాడతాయి.

మొదటి సూచన ఒక నిమిషం దాటకూడదు. ఫోన్‌లో రికార్డు చేసి గడియారం పెట్టి వినండి. సూర్యుడు మీ కళ్లల్లో పడినా ఫర్వాలేదు, పిల్లల కళ్లల్లో పడకుండా నిలబడండి.

10. వెనకబడినప్పుడు

- గంటలు తగ్గుతున్నాయి: మూడు వారాల లోటు కనిపించగానే మెంటర్‌తో కూర్చోండి. సెలవుల్లో జరిగే శిబిరంలో సహాయకుడిగా చేరితే కొద్ది రోజుల్లోనే చాలా గంటలు వస్తాయి. అవి లెక్కకొస్తాయో ముందే అడగండి.
- అసైన్‌మెంట్ గడువు దాటేలా ఉంది: గడువుకు ముందే పొడిగింపు కోరండి. తర్వాత అడిగితే నియమాలు గట్టిగా ఉంటాయి.
- ఆఫీసులో బదిలీ, ఇంట్లో అనారోగ్యం: కోర్సు మానేయకుండా విరామం అడగండి. లాగ్‌బుక్ ఫొటోలు, సంతకాల కాగితాలు, ధ్రువీకరణల నకళ్లు ఒకే ఫోల్డర్‌లో దాచుకోండి. కొత్త ఊళ్లో చేరినా మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం రాకపోవచ్చు.
- ఆసక్తి తగ్గింది: ఒక వారం నేర్పకండి, వేరే ఆట కోచ్ సెషన్ చూడటానికి వెళ్లండి. చాలా కోర్సుల్లో ఇలాంటి పరిశీలన గంటలకు చోటుంటుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే లైసెన్సు గడువు తేదీ, ప్రథమ చికిత్స పునరుద్ధరణ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. రెండూ వేర్వేరు రోజుల్లో ముగియవచ్చు.